గీత బయట నిలబడ్డ మనిషి

కొన్నేళ్ళ క్రితం ఇక్కడ సింగపూర్‌లో ఒక ఉగాది సభ కోసం నేనొక నాటిక రాశాను. ఇరవై నిమిషాల హాస్య నాటిక. అందులో కొడుక్కి ఫుట్‌బాల్ పిచ్చి, తండ్రికి ట్యూషన్ల పిచ్చి. ‘గోల్’ అంటే ‘గోల’ అనుకునే అమాయకపు తండ్రి పాత్రను ఒక మిత్రుడు పంచె ఎగ్గట్టి, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని అద్భుతంగా పోషించాడు. ఆఖర్న కొడుకు గోల్ కొడతాడు, తండ్రి ఎగిరి గంతేస్తాడు, తెర పడుతుంది. హాలంతా చప్పట్లు. నాకూ కాస్త గర్వంగానే అనిపించిందని ఒప్పుకోవాలి.

సభ ముగిశాక కుర్చీలు సర్దుతున్న కుర్రాళ్ళలో ఒకతను నా దగ్గరికొచ్చాడు. శ్రీకాకుళం వైపు అబ్బాయి, షిప్‌యార్డులో పని. ఆదివారం సెలవు కనుక సాయానికి వచ్చాడు. “బాగా నవ్వీసినాం సార్. కానీ ఆ తండ్రి ఎందుకొద్దన్నాడో సెప్పనేదు గదండీ,” అన్నాడు. “నాటికే కదయ్యా, నవ్వుకోడానికి,” అనేసి నేను భోజనాల వైపు నడిచాను. ఆ ప్రశ్న మాత్రం నాతోనే ఇంటికొచ్చింది. ఆ తరవాత వలస కుటుంబాల మీద, వాళ్ళ ఫుట్‌బాల్ జట్ల మీద వచ్చిన ఏ కథ చూసినా నా కళ్ళు గోల్ కొట్టేవాడి మీద నిలవడం మానేశాయి. మైదానం గీత బయట నిలబడ్డ మనిషిని వెతకడం మొదలుపెట్టాయి.

ఫుట్‌బాల్ ఆటకి ఒక నియమం ఉంది. రిఫరీ అనుమతి లేకుండా బయటివాడెవడూ ఆ సున్నపు గీత దాటి లోపలికి రాకూడదు. కోచ్ అయినా, కన్నతండ్రి అయినా అంతే. అరవచ్చు, చేతులూపవచ్చు, తల పట్టుకోవచ్చు. బంతిని మాత్రం ముట్టుకోకూడదు. పాస్‌పోర్టులో ముద్ర కోసం కౌంటర్ దగ్గర ఎదురుచూసిన ప్రతివాడికీ ఆ గీత ఎలాంటిదో విడమరిచి చెప్పనక్కర్లేదు. ఈ రకం కథల్లో అసలు పాత్ర ఆ గీత బయట నిలబడ్డవాడేనని నా వాదన. అతని ‘వద్దు’కి కథ ఎంత చరిత్ర ఇచ్చిందన్నదాన్ని బట్టే ఆ కథ నిజాయితీ తేలిపోతుంది. ఈ కొలబద్దతో నాలుగు సినిమాలను చూద్దాం. నా నాటికను కూడా చివర్లో అదే కొలబద్దతో కొలుస్తాను, తప్పించుకోను.

మొదటిది అందరికీ తెలిసిందే: గురిందర్ చద్దా 2002లో తీసిన ‘బెండ్ ఇట్ లైక్ బెక్‌హామ్’. ఇది వచ్చినప్పుడు మనవాళ్ళందరూ జెస్ అనే ఆ పిల్ల గురించే మాట్లాడుకున్నారు. లండన్ పశ్చిమాన హౌన్స్‌లోలో ఒక పంజాబీ సిక్కు కుటుంబం, ఫుట్‌బాల్ ఆడాలనుకునే చిన్న కూతురు, పెళ్ళి కుదిరిన పెద్ద కూతురు, గుండ్రటి చపాతీలు చెయ్యడం నేర్చుకోమనే తల్లి. నవ్వులకేం కొదవలేదు. కానీ సినిమాకి వెన్నెముక ఆ పిల్ల కాదు, తండ్రి భామ్రా. ఆ పాత్ర అనుపమ్ ఖేర్ వేశాడు.

భామ్రా మొదట్లో పెద్దగా మాట్లాడడు. భార్య కేకలేస్తుంటే పక్కన కూర్చుంటాడు. కూతుర్ని పంపమని అడగడానికి కోచ్ ఇంటికి వచ్చినప్పుడు మాత్రం నోరు విప్పుతాడు. నైరోబీలో చదువుకునే రోజుల్లో అతను మంచి ఫాస్ట్ బౌలర్. ఇంగ్లండు వచ్చాక ఇక్కడి క్లబ్బులవాళ్ళు తలపాగా చూసి ఎగతాళి చేసి వెనక్కి పంపేశారు. తనకు జరిగింది కూతురికి జరగకూడదనే ఆమెను ఆపుతున్నాడు. అంతవరకు మనకు ఛాందసుడిలా కనిపించిన మనిషి ఆ ఒక్క నిమిషంలో గాయపడ్డ ఆటగాడిగా మారిపోతాడు. అతని ‘వద్దు’ వెనక రెండు సముద్రాలున్నాయి. పంజాబు నుంచి తూర్పు ఆఫ్రికాకి ఒకటి, అక్కడినుంచి ఇంగ్లండుకి ఇంకొకటి. దర్శకురాలు నైరోబీలో పుట్టి లండన్ సౌతాల్‌లో పెరిగిన మనిషి కనుక ఈ సంగతి బయటినుంచి తెచ్చి అతికించినట్టుండదు.

నాకు బాగా నచ్చిన సన్నివేశం ఫైనల్ కాదు. అంతకుముందు ఒక మ్యాచ్‌లో ప్రత్యర్థి జట్టు పిల్ల జెస్‌ని జాతి పేరు పెట్టి తిడుతుంది. జెస్ తోసేస్తుంది. రిఫరీ రెడ్ కార్డు చూపించి బయటికి పంపిస్తాడు. అదే సమయానికి భామ్రా ఎవరికీ చెప్పకుండా వచ్చి దూరంగా నిలబడి చూస్తున్నాడు. ఏ మాట వినకూడదని కూతుర్ని ఇన్నాళ్ళూ ఇంట్లో దాచాడో ఆ మాట పడిన రోజునే అక్కడున్నాడు. తన భయం నిజమైంది. ఇక ఆ పిల్లని ఎప్పటికీ పంపించకపోవడానికి అతనికి పూర్తి సాక్ష్యం దొరికింది. అయినా పెద్దకూతురి పెళ్ళి మధ్యలో ఫైనల్ ఆడటానికి పంపించేది అతనే. ఆనాడు తనని వెళ్ళగొడితే మళ్ళీ ఆడనని ఒట్టు పెట్టుకున్నాననీ, దానివల్ల నష్టపోయింది వాళ్ళు కాదు తానేననీ తరవాత అందరి ముందూ ఒప్పుకుంటాడు. భయం పోయాక అనుమతివ్వడం గొప్ప కాదు. భయం రుజువయ్యాక అనుమతివ్వడం గొప్ప. ఆ పాత్ర ఎత్తంతా అందులోనే ఉంది.

అయితే తల్లి పాత్రకు ఆ న్యాయం జరగలేదని చెప్పక తప్పదు. ఆమె ‘వద్దు’కి చరిత్ర లేదు, చపాతీలు మాత్రమే ఉన్నాయి. ఫైనల్లో జెస్ ఫ్రీ కిక్ తీసుకునేటప్పుడు ఎదురుగా గోడకట్టిన ప్రత్యర్థుల స్థానంలో అమ్మ, అక్క, పిన్నమ్మలు చీరలు కట్టుకుని నిలబడినట్టు కనిపిస్తారు. హాల్లో అందరం నవ్వాం. ఇంటికొచ్చాక ఆలోచిస్తే మాత్రం కొంచెం నొచ్చుకోవాల్సి వచ్చింది. తండ్రి గాయపడ్డ మనిషట, తల్లి గోడట! ఆ తల్లి కూడా దేశం కాని దేశంలో ఏవో మాటలు పడే ఉంటుంది కదా. ఆమె నైరోబీ ఏమిటో, ఆమె వదులుకున్నదేమిటో రచయితలు అడగలేదు.

ఇంకో చిన్న సంగతి ఇదే సినిమాలో ఉంది, చాలామంది గమనించి ఉండరు. ఇప్పుడు కాలం మారిందని చెప్పడానికి అప్పటి ఇంగ్లండు క్రికెట్ కెప్టెన్ నాసిర్ హుస్సేన్ పేరు ఎత్తుతారు. అది ముస్లిం పేరు, వాళ్ళ సంగతి వేరని తల్లి కొట్టిపారేస్తుంది. నవ్వు కోసం పెట్టిన మాటే. కానీ వలస జట్టు కథలన్నిటికీ అసలు ప్రశ్న అదే: ‘మనవాళ్ళు’ అంటే ఎవరెవరు? గీత లోపలికి ఎవరిని రానిస్తాం?

ఆ ప్రశ్నని ఎత్తుకున్న సినిమా 2007లో వచ్చిన హిందీ చిత్రం ‘ధన్ ధనా ధన్ గోల్’. దర్శకుడు వివేక్ అగ్నిహోత్రి. సౌతాల్ యునైటెడ్ అనే దక్షిణాసియా వాళ్ళ ఫుట్‌బాల్ క్లబ్బు. డబ్బు కట్టకపోతే మైదానం చేజారిపోయే స్థితి. దాన్ని నిలబెట్టుకోవాలంటే గెలవాలి. మనకిది కొత్త కథేం కాదు. 2004లో రాజమౌళి తీసిన ‘సై’లో కాలేజీ స్థలం కోసం రగ్బీ ఆడిన కుర్రాళ్ళని చూసినవాళ్ళమే. ఆటకి స్థలం పందెంగా పెడితే ప్రేక్షకుడి గుండె తొందరగా కొట్టుకుంటుందని ఈ రకం కథలన్నిటికీ తెలుసు.

సౌతాల్ ఊరికే ఎంచుకున్న పేరు కాదు. 1976లో గురుదీప్ సింగ్ చగ్గర్ అనే కుర్రాడు అక్కడ హత్యకు గురయ్యాడు. 1979 ఏప్రిల్‌లో నేషనల్ ఫ్రంట్ సభకు వ్యతిరేకంగా జనం వీధుల్లోకి వచ్చిన రోజున బ్లెయిర్ పీచ్ అనే ఉపాధ్యాయుడు ప్రాణాలు కోల్పోయాడు. ఆ వీధుల్లో ఒక జట్టు కట్టడమంటే సరదా మాత్రమే కాదు, ఒకరికొకరు కాపలా కాయడం కూడా. ఆ జట్టుకి కెప్టెన్ షాన్ అలీ ఖాన్, అర్షద్ వార్సీ వేశాడు. గోల్ కొట్టేవాడు సన్నీ భసీన్, జాన్ అబ్రహాం. స్వదేశాల్లో సరిహద్దుకి ఇటూ అటూ ఉండే పేర్లు ఇక్కడ ఒకే చొక్కా వేసుకుంటాయి. పరాయిదేశపు వాళ్ళు మనందరినీ ఒకే తిట్టుతో పిలిస్తే మనం ఒకే జట్టయ్యామన్న చేదు నిజాన్ని ఈ సినిమా పట్టుకుంది. జెస్ తల్లి ‘వాళ్ళు వేరు’ అన్నదానికి ఇది జవాబు.

గీత బయట ఇక్కడున్నవాడు కోచ్ టోనీ సింగ్, బొమన్ ఇరానీ. ఒకప్పుడు తానూ ఆడినవాడే, ఆటకు దూరమైపోయినవాడు. భామ్రాలాంటి గాయమే. అయితే భామ్రా తన గాయాన్ని కూతురికి అడ్డుగోడగా కట్టాడు, టోనీ దాన్ని జట్టుకి ఇంధనంగా పోశాడు. ఒకరు ‘నీకూ అలాగే జరుగుతుంది, ఆడకు’ అంటే ఇంకొకరు ‘నాకు జరిగినదానికి నువ్వు ఆడి బదులు తీర్చు’ అంటారు. నిజం చెప్పాలంటే ఈ రెండోదే ఎక్కువ ప్రమాదం. మనలో ఎంతమంది పిల్లలు అమ్మానాన్నల తీరని ముచ్చటలని వీపున మోస్తూ పరీక్షలు రాయడం లేదు? సినిమా ఈ మాట అడగదు. కోచ్ కసి మంచి కసేనని వదిలేస్తుంది.

సన్నీ విషయంలోనూ ఇదే లోపం. ప్రతిభ ఉండి కూడా రంగు వల్ల తెల్లవాళ్ళ క్లబ్బులో చోటు దక్కనివాడు. సౌతాల్‌కి ఆడి పేరు తెచ్చుకున్నాక అదే పెద్ద క్లబ్బు పిలుస్తుంది, వెళ్ళిపోతాడు. సినిమా దృష్టిలో అది ద్రోహం. తిరిగి రావడం ప్రాయశ్చిత్తం. అయ్యా, పెద్ద క్లబ్బుకి వెళ్ళడం ద్రోహమైతే ఈ పత్రిక చదువుతున్న మనమందరం ఏమిటి? ఊళ్ళో జట్టుని వదిలేసి పెద్ద మైదానానికి వచ్చినవాళ్ళమే కదా! మన పిల్లల్ని పట్టుకుని ఇంకా పెద్ద మైదానానికి పొమ్మంటున్నది మనమే కదా! సన్నీ పాత్రలో నిజమైన నాటకం ఉంది: తన జాతి జట్టుకి తానెంత బాకీ, తనకు తానెంత బాకీ? రచయితలు ఆ లెక్క తేల్చకుండా చివరి మ్యాచ్‌కి వదిలేశారు. గోల్ పడితే లెక్క సరిపోయినట్టు. కానీ గోల్ ఏ ప్రశ్నకూ జవాబు కాదు. ఈల వేసి ఆట ఆపేస్తుందంతే.

ఇక మనమున్న చోటికి వద్దాం. సింగపూర్‌లో ఫుట్‌బాల్ పుట్టుకే గీతల మధ్య జరిగింది. పడాంగ్ మైదానానికి ఒక చివర 1852లో మొదలైన సింగపూర్ క్రికెట్ క్లబ్బు, అది దొరలది. ఇంకో చివర 1883లో మొదలైన రిక్రియేషన్ క్లబ్బు, అది యురేషియన్లది. భారతీయులకు 1923లో ఇండియన్ అసోసియేషన్ ఏర్పడింది. ఒకే పచ్చిక, ఎవరి గుడారం వారిదే. 1921లో మలయా కప్పు మొదలైతే మొదటి ఏడాదే సింగపూర్ గెలుచుకుంది. మరి సమాజానికొక జట్టుగా ఉన్నవాళ్ళు ఒకే జట్టు ఎప్పుడయ్యారు? దానికి సినిమా చెప్పిన జవాబు 2008లో వచ్చిన ‘కల్లాంగ్ రోర్’.

ఇది 1977 నాటి నిజ కథ. ఆ ఏడాది మే 28న కౌలాలంపూర్ మెర్డెకా స్టేడియంలో సింగపూర్ అదనపు సమయంలో పెనాంగ్‌ని 3-2తో ఓడించి మలేషియా కప్పు గెలిచింది. 1965 తరవాత మళ్ళీ అప్పుడే. గెలుపు గోల్ క్వా కిమ్ సాంగ్ కొట్టాడు. ఆ జట్టు పేర్లు చదివితేనే ఊరి పటం కనిపిస్తుంది: సమద్ అల్లాపిచ్చై, డొల్లా కాసిం, మొహమ్మద్ నో, ఎస్. రాజగోపాల్, క్వా కిమ్ సాంగ్. మలయ్‌లు ఈ నేల బిడ్డలు. మిగిలినవాళ్ళు సముద్రం దాటి వచ్చినవాళ్ళ పిల్లలు, మనవలు. గీత బయట నిలబడ్డది కోచ్ చూ సెంగ్ క్వీ. అందరూ అతన్ని ‘అంకుల్ చూ’ అనేవారు. సినిమాలో ఆ పాత్ర లిమ్ కే సియూ వేశాడు.

అంకుల్ అన్న పిలుపు మనకి కొత్త కాదు. ఇక్కడ టాక్సీ నడిపే పెద్దాయన్నీ, కాఫీ పోసే పెద్దాయన్నీ కూడా అంకుల్ అనే అంటాం. మన ఊళ్ళో బాబాయ్ అన్నట్టే. కోచ్‌ని బంధువుని చేసుకున్నారంటే అక్కడ జట్టు కుటుంబంగా మారిందన్నమాట. అంకుల్ చూ కఠినుడు, క్రమశిక్షణ అంటే ప్రాణం. మన హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ గుర్తొస్తారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చిన జట్టుకి ఆయనే కోచ్. మరుసటి ఏడాదే క్యాన్సర్‌తో పోయారు. ఆయన మీద 2024లో ‘మైదాన్’ వచ్చింది. సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టి బెంగాల్‌లో స్థిరపడ్డ తులసీదాస్ బలరాం ఆ జట్టులోవాడే. తమిళ కుటుంబం, తెలుగు నేల, బెంగాలీ బతుకు! వలస ఆటగాడంటే లండన్ దాకా పోనక్కర్లేదు.

‘కల్లాంగ్ రోర్’లో భామ్రా లాంటి ‘వద్దు’ ఉండదు. నాకు మొదట అది లోటుగా తోచింది. తరవాత అర్థమైంది. ఒక జట్టు వలస జట్టుగా ఉండటం మానేసే క్షణం అదే. మనవడి తరానికి తనని ఎవరో వెళ్ళగొడతారన్న భయం ఉండదు. ఓడిపోతామన్న భయం ఒక్కటే ఉంటుంది. అది ఆరోగ్యకరమైన భయం.

అయితే సొంత దేశమయ్యాక గీత చెరిగిపోదు, ఇంకోచోటికి జరుగుతుంది. 2018లో బెన్ డేవిస్ అనే 17 ఏళ్ళ సింగపూర్ కుర్రాడు ఇంగ్లండులో ఫుల్‌హామ్ క్లబ్బుతో ప్రొఫెషనల్ ఒప్పందం చేసుకున్నాడు. ప్రీమియర్ లీగ్ క్లబ్బుతో అలా ఒప్పందం కుదిరిన మొదటి సింగపూర్ పౌరుడు అతనే. నేషనల్ సర్వీసు వాయిదాకి రక్షణ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు. అందరికీ ఒకే నియమమని ప్రభుత్వం, ప్రతిభకి వయసు ఆగదని మరికొందరు. ఆ రోజుల్లో మన ఇళ్ళలో, ముఖ్యంగా మగపిల్లలున్న పర్మనెంట్ రెసిడెంట్ల ఇళ్ళలో, ఈ చర్చ ఎంత వేడిగా జరిగిందో పాఠకులకి గుర్తుండే ఉంటుంది. ఎవరు ఒప్పు అని తేల్చడానికి నేనిది ఎత్తలేదు. సన్నీ ప్రశ్నే ఇది: జట్టుకెంత బాకీ, తనకెంత బాకీ? సినిమా దాటేసిన ప్రశ్న ఇక్కడ భోజనాల బల్ల మీదికి వచ్చి కూర్చుంది. ఇంకా దాని మీద నాటకం రాయలేదు మనం.

నాలుగో సినిమా ఈ వరసని తలకిందులు చేస్తుంది. 2018లో జకారియా మొహమ్మద్ తీసిన మలయాళ చిత్రం ‘సుడానీ ఫ్రమ్ నైజీరియా’. మలప్పురంలో ఏడుగురేసి ఆడే సెవెన్స్ ఫుట్‌బాల్. ఒక చిన్న జట్టు మేనేజరు మజీద్, సౌబిన్ షాహిర్ వేశాడు. ఆఫ్రికా నుంచి తెచ్చుకున్న ఆటగాడు శామ్యూల్. నైజీరియా వాడైనా ఊరివాళ్ళకి సుడానీయే! అక్కడ నల్లవాళ్ళందరూ ‘సుడానీ’లే. దశాబ్దాలుగా గల్ఫుకి మనుషుల్ని పంపించి, అక్కడ తమవాళ్ళ పేర్లు సరిగ్గా పలకలేదని బాధపడిన జిల్లా అది. అదే జిల్లా పని కోసం వచ్చినవాడి దేశం పేరు తప్పు పలుకుతుంది. ఎవర్నీ తిట్టకుండా, ఉపన్యాసం చెప్పకుండా ఒక్క శీర్షికతో మనల్ని అద్దం ముందు నిలబెట్టారు.

శామ్యూల్ గాయపడతాడు. ఆసుపత్రి ఖర్చు భరించలేక మజీద్ అతన్ని తన ఇంటికి తీసుకొస్తాడు. అక్కడినుంచి సినిమా మైదానంలో జరగదు, మంచం పక్కన జరుగుతుంది. మజీద్ తల్లి జమీలా, ఇరుగింటి బీయుమ్మ, ఈ ఇద్దరు ముసలమ్మలకీ అతని భాష రాదు, అతనికి వాళ్ళది రాదు. అన్నం, చారు, సైగలు. ఇంటి దగ్గర తనని పెంచిన పెద్దదిక్కు పోయిందన్న కబురు అందినప్పుడు అతని ఏడుపుని అర్థం చేసుకోడానికి వాళ్ళకి అనువాదం అవసరం పడలేదు. సావిత్రి శ్రీధరన్, సరసా బాలుస్సేరి నటించారనడం కంటే అక్కడ ఉన్నారనడం సబబు. ‘బెండ్ ఇట్’లో గోడగా నిలబడిపోయిన తల్లి ఇక్కడ తలుపు తీసింది. జమీలాకి రెండో పెళ్ళి, మజీద్‌కి ఆ సవతి తండ్రంటే గిట్టదు. ఆయన ఇంటి అంచుల్లోనే మసలుతుంటాడు. పరాయిదేశపు కుర్రాడిని మంచమేసి పడుకోబెట్టిన ఇంట్లో ఈ మనిషికి చోటు లేదు. ఆఖర్న మజీద్ ఆయన్ని లోపలికి తెచ్చుకుంటాడు. శామ్యూల్ నేర్పిన పాఠం అదే. ఏ గోల్ కంటే కూడా ఆ ముగింపు నాకు పెద్దదిగా కనిపించింది.

ఇప్పుడు నా నాటిక సంగతి. పైన చెప్పిన కొలబద్దతో కొలిస్తే అది నిలబడదు. తండ్రి వద్దంటాడు, కారణం లేదు. గోల్ పడగానే ఔనంటాడు, దానికీ కారణం లేదు. అతను మనిషి కాడు, నవ్వు పుట్టించే బొమ్మ. అలా ఎందుకు రాశానని నిజాయితీగా ఆలోచిస్తే జవాబు అంత హాయిగా లేదు. మా అబ్బాయి పన్నెండేళ్ళప్పుడు స్కూలు జట్టులో ఆడేవాడు. వద్దన్నది నేనే. అప్పట్లో నా ఎంప్లాయ్‌మెంట్ పాస్ గడువు వచ్చినప్పుడల్లా ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండేది కాదు. సర్టిఫికెట్‌గా మారని గంట ఏదైనా నాకు నష్టంగానే కనిపించేది. ఆ భయం వాడికి చెప్పలేదు. “చదువుకో” అని మాత్రం చెప్పాను. వాడు మారుమాట్లాడలేదు, బూట్లు అటకెక్కాయి. ఆ తరవాత ఎన్నడూ ఫిర్యాదు కూడా చేయలేదు. భామ్రా కూడా చాలాకాలం ఫిర్యాదు చేయలేదని గుర్తొచ్చినప్పుడల్లా నాకు కొంచెం గుబులుగా ఉంటుంది. నాటికలో ఆ తండ్రిని బొమ్మని చేస్తే నేను నోరు విప్పనక్కర్లేదు. అదీ అసలు సంగతి.

ఇంకో తప్పు కూడా ఉంది, దాన్ని కుర్చీలు మోసిన ఆ అబ్బాయి ఎత్తిచూపలేదు, ఎత్తిచూపవచ్చు. నా నాటికలో తెలుగువాళ్ళంటే కండోల్లో ఉండేవాళ్ళే. షిప్‌యార్డుల్లో, కట్టడాల దగ్గర పనిచేస్తూ డార్మిటరీల్లో ఉండే మనవాళ్ళు ఒక్కరూ లేరు. ఆదివారాలు లిటిల్ ఇండియా పక్కన ఫెర్రర్ పార్క్ పచ్చిక మీద ఆడే కుర్రాళ్ళని మనం బస్సు కిటికీలోంచి చూసినవాళ్ళమే. ఆ మైదానంలోనూ ఇళ్ళు కట్టాలని ప్రణాళిక వచ్చింది. సౌతాల్ యునైటెడ్ కథ మనకి అయిదు నిమిషాల నడకలో ఉంది. 2006లో ఇక్కడి ఎస్-లీగ్‌లో స్పోర్టింగ్ ఆఫ్రిక్ అని ఆఫ్రికా దేశాల ఆటగాళ్ళ జట్టు ఒకే ఒక్క సీజన్ ఆడింది. శామ్యూల్ కథలెన్నో మన ఊళ్ళోనే జరిగి ఉంటాయి. 2020లో కోవిడ్ వచ్చి డార్మిటరీల గేట్లు మూసేసిన నెలల్లో ఆ పచ్చిక ఖాళీగా ఉంది. గీత బయట నిలబడ్డం ఎలా ఉంటుందో ఆ కుర్రాళ్ళకి మనకంటే బాగా తెలుసు. మనం మాత్రం మన ఆడిటోరియంలో కూర్చుని గోల్‌కి, గోలకి ప్రాస కుదిరిందని చప్పట్లు కొట్టుకున్నాం.

ఈ సినిమాలు నాకు నేర్పింది ఒకటే. వలస జట్టు కథలో గెలుపు ఓటములు చివరి పది నిమిషాల పని. అంతకుముందు గంటన్నర సేపు తేలాల్సింది వేరే: వద్దన్నవాడు ఎందుకు వద్దన్నాడు, లోపలికి రానిది ఎవరిని, రానివ్వనిది ఎవరు? భామ్రా మొదటి ప్రశ్నకి జవాబిచ్చాడు. మజీద్ తల్లి రెండోదానికీ మూడోదానికీ ఇచ్చింది. టోనీ సింగ్, సన్నీ ఆ ప్రశ్నల దాకా వచ్చి, ఈల వినపడగానే ఆగిపోయారు.

వచ్చే ఉగాదికి మళ్ళీ ఎవరో ఒకరు పిల్లల మీద, ఆటల మీద నాటిక రాస్తారు. రాసేవారికి నాదొక విన్నపం. తండ్రికి రెండు నిమిషాలు మాట్లాడే అవకాశం ఇవ్వండి, తల్లికి మరో రెండు ఇవ్వండి. జనం నవ్వడం కాసేపు ఆపినా ఫరవాలేదు. కుర్చీలు సర్దడానికి పిలిచిన కుర్రాళ్ళకి జట్టులో చోటివ్వండి. వీలైతే రాసేటప్పుడే పిలిచి వాళ్ళని అడగండి. నేను నా పాత నాటికని తిరిగి రాస్తున్నాను. తండ్రి మాట్లాడే ఆ రెండు నిమిషాలు రాయడానికి నాకు నెల పట్టింది. పూర్తయ్యాక మొదట వినిపించింది మా అబ్బాయికి. వాడు విని కాసేపు ఏమీ అనలేదు. తరవాత, “ఇది అప్పుడే చెప్పొచ్చు కదా నాన్నా,” అన్నాడు. ఆ మాటని కూడా నాటికలో పెట్టాను.